ఆల్ఫిసోల్

ఆల్ఫిసోల్ అనునది పై పొరలోని బంకమట్టి నీటితో పాటు క్రిందికి దిగి లోపలి పొరలో పేరుకొనుట వలన ఏర్పడే ఒక రకమైన మృత్తిక. అమెరికా సంయుక్త రాష్ట్రాల వ్యవసాయ శాఖ రూపొందించిన మృత్తికా వర్గీకరణలోని 12 క్రమములలో ఇది ఒకటి. సమశీతోష్ణ మండలములో ఆకురాల్చు అడవుల క్రింద, ఉష్ణ మండలములో పలుచని అడవులు, చెట్లతో కూడిన గడ్డిమైదానముల క్రింద ఈ నేలలు ఎక్కువగా ఏర్పడినవి. అందువలన వీటిని బంకమట్టి అధికముగా గల అడవి నేలలుగా వర్ణిస్తారు. మంచు కప్పని భూభాగములో సుమారు 10 శాతము ఈ క్రమమునకు చెందినది. ప్రపంచ జనాభాలో దాదాపు 17 శాతము మందికి ఈ నేలలే ఆధారము. తెలంగాణలో చల్క నేలలని, రాయలసీమలో ఎర్ర నేలలని పిలిచే భూములలో చాలా భాగము ఈ క్రమములోనివే.

పేరు

ఆల్ఫిసోల్ అనే పదములోని "ఆల్ఫ్" అనునది అల్యూమినియము, ఇనుము అను మూలకముల రసాయన సంకేతములను కలిపి చేసిన అక్షరముల నుండి వచ్చినది. "సోల్" అనగా లాటిన్ భాషలో నేల. అమెరికా మృత్తికా శాస్త్రవేత్త కర్టిస్ మార్బట్ అంతకు ముందే తడి ప్రాంతపు నేలలకు "పెడాల్ఫర్" అని, సున్నము పేరుకొనే పొడి ప్రాంతపు నేలలకు "పెడోకాల్" అని పేర్లు పెట్టాడు. ఆ పెడాల్ఫర్ అనే పేరులోని మధ్య భాగమే క్రొత్త వర్గీకరణలో ఈ క్రమమునకు గుర్తుగా నిలిచినది.

అమెరికాలో 1938 నాటి వర్గీకరణలో ఈ నేలలలో అనేకము బూడిద-గోధుమ రంగు పొడ్జోలిక్ నేలలు అనే పేరుతో ఉండేవి. గై స్మిత్ నాయకత్వములో తయారైన క్రొత్త పద్ధతి ముసాయిదా 1960లో "ఏడవ ఉజ్జాయింపు" అనే పేరుతో వెలువడినది. పూర్తి గ్రంథము 1975లోను, రెండవ కూర్పు 1999లోను ప్రచురితమైనవి. రంగును, వాతావరణమును బట్టి పేరు పెట్టుటకు బదులు, నేలలో కొలిచి చూడదగిన లక్షణములను బట్టి పేరు పెట్టుట ఈ పద్ధతి ప్రత్యేకత.

ఏర్పడు విధము

0.002 మిల్లీమీటరు కంటె చిన్నవైన కణములను బంకమట్టి అంటారు. వీటిలోను అతి సన్నని కణములు నీటిలో తేలియాడుతూ దూర ప్రయాణము చేయగలవు. ఆల్ఫిసోల్ ఏర్పడుటలో ముఖ్యమైన దశలు ఇవి:

* మొదట వర్షపు నీరు పై పొరలలోని సున్నమును కరిగించి క్రిందికి తీసుకొనిపోతుంది. సున్నము ఉన్నంత వరకు బంకమట్టి కణములు ఒకదానికొకటి అంటుకొని ముద్దలుగా ఉంటాయి.
* సున్నము పోయిన తరువాత నేల స్వల్ప ఆమ్లత్వము పొందుతుంది. అప్పుడు బంకమట్టి కణములు విడివడి నీటిలో కలుస్తాయి.
* ఆ నీరు పగుళ్ళ గుండా, వేళ్ళు చేసిన రంధ్రముల గుండా దిగుతుంది. క్రింది పొడి నేల నీటిని పీల్చుకొన్నప్పుడు, వడపోత గుడ్డపై మడ్డి మిగిలినట్లు, బంకమట్టి రంధ్రముల గోడలపై మిగిలిపోతుంది.
* ఏటేటా తడియుట, ఆరుట పునరావృతమైన కొలది ఆ పూత మందమగును.

నేల మరీ ఆమ్లమైతే ఈ ప్రయాణము ఆగిపోతుంది. అప్పుడు ద్రావణములోనికి వచ్చే అల్యూమినియము బంకమట్టిని మరల ముద్ద కట్టిస్తుంది. ఆమ్లత్వము ఆ స్థాయికి చేరకుండా కాపాడునది అడవి. చెట్ల వేళ్ళు లోతు నుండి కాల్షియము, మెగ్నీషియము, పొటాషియములను పైకి లాగుకొంటాయి. ఆకులు రాలి కుళ్ళినప్పుడు అవి తిరిగి నేలపైకి చేరుతాయి. ఈ చక్రము వలన వర్షము కడిగివేసే పోషకములలో కొంత భాగము ఎప్పటికప్పుడు భర్తీ అగుచుండును. సూదిమొన ఆకుల చెట్ల రాలుడులో ఈ పోషకములు తక్కువ కావున చల్లని సూదిమొన అడవుల క్రింద, ముఖ్యముగా ఇసుక నేలలలో, స్పోడోసోల్ అనే వేరొక క్రమపు ఆమ్ల నేలలు ఏర్పడుతాయి.

లక్షణములు

పొరల అమరిక

ఆల్ఫిసోల్‌ను నిలువుగా గోతి త్రవ్వి చూసినచో సాధారణముగా ఈ క్రింది పొరలు కనిపిస్తాయి.

* పై పొర: పలుచగా ఉంటుంది. సేంద్రియ పదార్థము ఒక మోస్తరుగా గాని, తక్కువగా గాని ఉంటుంది. గడ్డి భూముల నేలలలో వలె మందమైన నల్లని పై పొర ఉండదు.
* బంకమట్టి కోల్పోయిన పొర: లేత రంగులో, ఇసుక లేదా ఒండ్రు ఎక్కువగా ఉంటుంది. దున్నిన భూములలో ఇది పై పొరతో కలిసిపోయి విడిగా కనబడకపోవచ్చును.
* బంకమట్టి చేరిన పొర: గోధుమ, పసుపు-ఎరుపు లేదా ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. మట్టి పెళ్ళలు కోణములు దేలి దిమ్మెలుగా విడిపోతాయి. దీనిని ఆర్జిల్లిక్ పొర అంటారు.
* మాతృశిల పొర: శిథిలమైన శిల, హిమానీనదములు తెచ్చి వదిలిన మట్టి, గాలి తెచ్చిన ఒండ్రు మొదలైన వాటిలో ఏదైనను కావచ్చును.

ఆర్జిల్లిక్ పొర గుర్తింపు

క్రింది పొరలో బంకమట్టి ఎక్కువ ఉన్నంత మాత్రమున అది ఆర్జిల్లిక్ పొర కాజాలదు. రెండు వేర్వేరు వరదలు రెండు రకముల మట్టిని ఒకదానిపై ఒకటి పరచినను అట్లే కనిపించును. అందువలన పెరుగుదల పరిమాణము, బంకమట్టి కదలికకు నిదర్శనము అను రెండింటిని చూస్తారు. పరిమాణమునకు నియమములు ఇవి:

* పై పొరలో బంకమట్టి 15 శాతము కంటె తక్కువ ఉన్నచో, క్రింది పొరలో కనీసము 3 శాతము అధికముగా ఉండవలెను. ఉదాహరణకు పైన 10 శాతము ఉన్నచో క్రింద 13 శాతము.
* పై పొరలో 15 నుండి 40 శాతము లోపు ఉన్నచో, క్రింది పొరలో దానికి కనీసము 1.2 రెట్లు ఉండవలెను. పైన 20 శాతము ఉన్నచో క్రింద 24 శాతము.
* పై పొరలో 40 శాతము లేదా అంతకు మించి ఉన్నచో, క్రింది పొరలో కనీసము 8 శాతము అధికముగా ఉండవలెను.

కదలికకు నిదర్శనము బంకమట్టి పూతలు. మట్టి పెళ్ళను విరిచి భూతద్దముతో చూసినచో దాని ముఖములపై మైనము పూసినట్లు నిగనిగలాడే పలుచని పొర కనబడుతుంది. ఇసుక రేణువుల మధ్య వంతెనల వలె కూడ బంకమట్టి పేరుకొని ఉండవచ్చును. సందేహమున్నప్పుడు మట్టిని జిగురుతో గట్టిపరచి, పలుచని పలకగా కోసి, ధ్రువణ సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తారు. నీటితో వచ్చి చేరిన బంకమట్టి ఒకే దిశలో పేర్చినట్లు కనిపిస్తుంది.

క్షార సంతృప్తత

బంకమట్టి కణముల ఉపరితలముపై ఋణావేశము ఉంటుంది. ఆ స్థానములలో కాల్షియము, మెగ్నీషియము, పొటాషియము, సోడియము వంటి క్షార అయానులు గాని, హైడ్రోజన్, అల్యూమినియము వంటి ఆమ్ల అయానులు గాని నిలిచి ఉంటాయి. మొత్తము స్థానములలో క్షార అయానులు ఆక్రమించిన శాతమునే క్షార సంతృప్తత అంటారు. ఆల్ఫిసోల్‌లో నిర్ణీత లోతు వద్ద ఇది 35 శాతము లేదా అంతకంటె ఎక్కువ ఉండవలెను. ఈ సంఖ్యయే ఆల్ఫిసోల్‌ను, దానివలెనే బంకమట్టి పొర ఉండి పోషకములు కోల్పోయిన అల్టిసోల్ నుండి వేరు చేస్తుంది. అడవి కొట్టి సాగు చేసినప్పుడు అల్టిసోల్‌లు త్వరగా నిస్సారమగును. ఆల్ఫిసోల్‌లు మాత్రము లోతులో మిగిలిన పోషకముల వలన ఎక్కువ కాలము పంటనిస్తాయి.

వర్గీకరణ

అమెరికా పద్ధతిలో క్రమము, ఉపక్రమము, మహాగణము, ఉపగణము, కుటుంబము, శ్రేణి అని ఆరు అంతస్తులు ఉన్నవి. నేలపై అడవి ఉన్నదా లేదా అనునది ఇందులో ఏ అంతస్తులోను పరీక్ష కాదు. అడవి ఈ నేల పుట్టుకను వివరిస్తుంది. పేరును నిర్ణయించునవి మాత్రము పొరలు, సంఖ్యలు. అందుచేతనే చెట్లు లేకుండా పోయి శతాబ్దములు గడచిన పొలము కూడ ఆల్ఫిసోల్‌గానే మిగులుతుంది.

ఉపక్రమములు

ఉష్ణోగ్రత, తేమలను బట్టి ఆల్ఫిసోల్‌లకు అయిదు ఉపక్రమములు ఉన్నవి.

* ఆక్వాల్ఫ్‌లు: సంవత్సరములో కొంత కాలము నీరు నిలిచి ఉండే నేలలు. బూడిద రంగు, మచ్చలు కనిపిస్తాయి.
* క్రయాల్ఫ్‌లు: అతిశీతల ప్రాంతములవి. 1975 నాటి కూర్పులో వీటికి దాదాపు సమానముగా బోరాల్ఫ్‌లు అనే ఉపక్రమము ఉండేది.
* అస్టాల్ఫ్‌లు: పంట కాలములో వర్షము ఉండి, మిగిలిన కాలము ఎండిపోయే ప్రాంతములవి. దక్షిణ భారతదేశపు ఆల్ఫిసోల్‌లలో అత్యధికము ఇవే.
* జెరాల్ఫ్‌లు: శీతకాలములో వర్షము, వేసవిలో పొడి ఉండే మధ్యధరా వాతావరణపు నేలలు.
* యూడాల్ఫ్‌లు: ఏడాదిలో చాలా కాలము తేమ ఉండే ప్రాంతములవి. అమెరికా మధ్య-పశ్చిమ ప్రాంతము, పశ్చిమ ఐరోపా వీటికి ప్రసిద్ధి.

పేరును చదువు విధము

ఈ పద్ధతిలో ఒక నేల పేరును చివరి నుండి మొదటికి చదివినచో దాని లక్షణములు తెలుస్తాయి. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరులోని ఇక్రిశాట్ క్షేత్రపు ఎర్ర నేలను ఉదాహరణగా తీసుకొనవచ్చును. దీనిని పటాన్‌చెరు శ్రేణి అంటారు. దీని ఉపగణము "యూడిక్ రోడస్టాల్ఫ్".

* ఆల్ఫ్: ఆల్ఫిసోల్ క్రమము.
* అస్ట్: లాటిన్‌లో కాలినది అని అర్థము. ఋతువును బట్టి ఎండిపోయే నేల.
* రోడ్: గ్రీకులో గులాబీ. ముదురు ఎరుపు రంగు గలది.
* యూడిక్: తన ఉపక్రమములోని ఇతర నేలల కంటె కొంత ఎక్కువ తేమ గలది.

దీని కుటుంబ నామములో మరికొన్ని వివరములు ఉన్నవి. బంకమట్టితో పాటు ఘనపరిమాణములో 35 శాతము లేదా అంతకు మించి రాళ్ళు, కంకర ఉన్నవనియు, ఖనిజములు మిశ్రమమనియు, నేల సగటు వార్షిక ఉష్ణోగ్రత 22 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించి ఉండి వేసవికి, శీతకాలమునకు మధ్య తేడా 6 డిగ్రీల లోపే అనియు అది తెలుపును.

ఇదే విధముగా "పేల్" అనునది ప్రాచీనమైన నేలను, "హాప్ల్" సాధారణమైన దానిని, "నాట్ర్" సోడియము అధికముగా గల దానిని, "డ్యూర్" గట్టి పెంకు పొర గల దానిని సూచిస్తాయి. గంగా మైదానములోని కారు చౌడు భూములలో చాలా భాగము నాట్రస్టాల్ఫ్‌లు. వీటిని జిప్సమ్ వేసి, మంచి నీటితో కడిగి బాగు చేస్తారు.

ఇతర వర్గీకరణములు

అంతర్జాతీయ వర్గీకరణము అయిన ప్రపంచ మృత్తికా సూచికలో ఆల్ఫిసోల్ అనే పేరు లేదు. బంకమట్టి చేరిన పొర గల నేలలను, ఆ బంకమట్టి చురుకుదనము, క్షారముల పాళ్ళను బట్టి నాలుగుగా విభజించారు.

* లువిసోల్: చురుకైన బంకమట్టి, క్షారములు అధికము.
* లిక్సిసోల్: చురుకుదనము తక్కువ, క్షారములు అధికము.
* అలిసోల్: చురుకైన బంకమట్టి, క్షారములు తక్కువ.
* అక్రిసోల్: చురుకుదనము, క్షారములు రెండును తక్కువ.

వీటిలో మొదటి రెండు ఆల్ఫిసోల్‌లకు స్థూలముగా సరిపోతాయి. కెనడాలో వీటిని లువిసోలిక్ క్రమముగా, జర్మనీలో పారాబ్రౌన్‌ఎర్డె అని వ్యవహరిస్తారు.

విస్తరణ

అమెరికా సంయుక్త రాష్ట్రాల భూభాగములో సుమారు 14 శాతము ఆల్ఫిసోల్‌లే. ఇండియానా రాష్ట్ర మృత్తిక అయిన మయామి, విస్కాన్సిన్ రాష్ట్ర మృత్తిక అయిన ఆంటిగో, కాలిఫోర్నియా రాష్ట్ర మృత్తిక అయిన శాన్ వాకీన్ ఈ క్రమమునకు చెందినవి. ఫ్రాన్సు, జర్మనీల నుండి బాల్టిక్ తీరము వరకు, మధ్యధరా దేశములలో, పశ్చిమ ఆఫ్రికా గడ్డిమైదానములలో, బ్రెజిల్ ఈశాన్య భాగములో, దక్షిణ ఆస్ట్రేలియాలో, శ్రీలంక పొడి మండలములో ఇవి విస్తరించి ఉన్నవి. భారతదేశ భూభాగములో వీటి వాటా సుమారు 13 శాతము.

వ్యవసాయ పరిశోధనలో పేరుపొందిన రెండు క్షేత్రములు ఈ నేలలపైనే ఉన్నవి. ఇంగ్లాండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843 నుండి గోధుమ ప్రయోగము జరుగుచున్న బ్రాడ్‌బాక్ క్షేత్రము ఒకటి. అమెరికాలోని మిస్సౌరీ విశ్వవిద్యాలయమునకు చెంది, 1888లో ప్రారంభమైన శాన్‌బార్న్ క్షేత్రము రెండవది. లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ శాన్‌బార్న్ క్షేత్రపు మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధమును కనుగొన్నాడు. 1948లో ఈ ఔషధము లోకమునకు వెల్లడి అయినది. ఆ కాలములో ఆ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించిన వాడు భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

తెలుగు ప్రాంతములలో

తెలంగాణ, రాయలసీమలలోని గ్రానైట్, నైస్ శిలలు శిథిలమై ఏర్పడిన ఎర్ర నేలలలో అధిక భాగము అస్టాల్ఫ్‌లు. వీటి ఎరుపునకు కారణము హెమటైట్ అనే ఇనుప ఆక్సైడు. నేటి పొడి వాతావరణములో ఇంత మందమైన బంకమట్టి పొర ఏర్పడుట కష్టము. కనుక ఇవి ఎక్కువ వర్షములు గల ప్రాచీన కాలములో ఏర్పడి మిగిలినవని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. అనగా కోల్పోయిన నేల మరల ఏర్పడుటకు కావలసిన పరిస్థితులు ఇప్పుడు లేవు.

ఎర్రగా కనిపించే ప్రతి నేల ఆల్ఫిసోల్ కాదు. గుట్టల వాలులలో బంకమట్టి పొర ఏర్పడని పలుచని ఎర్ర నేలలు ఎంటిసోల్, ఇన్సెప్టిసోల్ క్రమములలోనికి వస్తాయి. రైతులు వాడే చల్క, దుబ్బ, గరప మొదలైన పేర్లు ముఖ్యముగా పై పొర స్వభావమును తెలుపుతాయి. శాస్త్రీయ నామము క్రింది పొరను బట్టి వస్తుంది. కావున ఒకే స్థానిక నామము గల రెండు పొలములు రెండు వేర్వేరు క్రమములకు చెంది ఉండవచ్చును.

జొన్న, సజ్జ, ఆముదము, కంది, వేరుశనగ, ఉలవ, కొర్ర ఈ నేలలలోని ముఖ్యమైన మెట్ట పంటలు. అనంతపురము ప్రాంతపు వేరుశనగ సాగు చాలా వరకు ఈ నేలలపైనే జరుగుతుంది.

సాగులో సమస్యలు

ఇక్రిశాట్ 1972లో స్థాపించబడినప్పుడు ఎర్ర నేల, నల్లరేగడి రెండును దాని క్షేత్రములో ఉన్నవి. అందువలన ఈ రెండింటి నడవడిలోని తేడాను ప్రక్కప్రక్కనే పరిశీలించుట సాధ్యమైనది. ఆల్ఫిసోల్‌ల యాజమాన్యముపై 1983 డిసెంబరులో అక్కడ ప్రత్యేక సదస్సు జరిగినది.

* పైపెచ్చు కట్టుట: నల్లరేగడి ఎండినప్పుడు పగిలి, తనంతట తాను గుల్లబారుతుంది. ఎర్ర నేలలోని బంకమట్టిలో కేయోలినైట్ ఎక్కువ కనుక అది అంతగా ఉబ్బదు, పగలదు. వానచినుకుల తాకిడికి పై మట్టి చెదిరి, ఆరిన తరువాత పెచ్చు కట్టును. సజ్జ వంటి చిన్న గింజల మొలకలు దానిని చీల్చుకొని రాలేవు.
* గట్టిపడుట: ఎండిన చల్క నేల నాగలికి లొంగదు. వాన పడిన తరువాత కొద్ది రోజులలోనే దుక్కి, విత్తనము పూర్తి కావలెను.
* నీటి నిల్వ: నల్లరేగడితో పోల్చినచో ఇవి నిలుపుకొనే నీరు చాలా తక్కువ. వానల మధ్య విరామము పెరిగినచో పైరు త్వరగా వాడిపోతుంది.
* పోషక లోపములు: నత్రజని, భాస్వరము, జింకు, గంధకము, బోరాన్ లోపములు సాధారణము.
* కోత: పెచ్చు కట్టిన నేలలో వాన నీరు ఇంకక పారుతుంది, పారుతూ పై మట్టిని తీసుకొనిపోతుంది.

వీటిలో కోత అన్నింటికంటె తీవ్రమైనది. ఆల్ఫిసోల్‌లో సేంద్రియ పదార్థము, మొలకకు అనువైన గుల్ల మట్టి పలుచని పై పొరలోనే ఉంటాయి. అది కొట్టుకొనిపోయినచో గట్టి బంకమట్టి పొర బయటపడుతుంది. అందులో వేళ్ళు సులభముగా దిగవు, నీరు సులభముగా ఇంకదు. అప్పుడు నీటి ప్రవాహము ఇంకను పెరిగి కోత మరింత వేగమగును. వేల సంవత్సరములలో బంకమట్టిని లోపల దాచిన నేల కొన్ని తరములలోనే తన పై కప్పును కోల్పోగలదు.

సంరక్షణ

* వేసవి దుక్కి దున్ని తొలకరి నీరు ఇంకునట్లు చేయుట.
* వాలుకు అడ్డముగా దున్నుట, విత్తుట, గట్లు వేయుట.
* గ్లిరిసిడియా వంటి చెట్లను గట్లపై పెంచి, వాటి కొమ్మలను పచ్చిరొట్టగా వేయుట. అడవిలో రాలిన ఆకులు చేసే పనిని ఇది కొంత వరకు చేస్తుంది.
* పంట వ్యర్థములను కాల్చక నేలపై పరచుట. దీని వలన చినుకుల తాకిడి తగ్గి పెచ్చు కట్టదు.
* పారే నీటిని కుంటలలో నిలిపి, పైరు వాడే సమయములో ఒకటి రెండు తడులు ఇచ్చుట.
* చెరువు పూడిక మట్టిని పొలములకు తోలుట.

చివరి పద్ధతి తెలుగు ప్రాంతములలో ఎంతో కాలముగా వాడుకలో ఉన్నది. ఎర్ర నేలలపై వాన నీరు ఎక్కువగా పారుట, క్రింద గట్టి శిల ఉండుట వలన తెలంగాణలో చెరువుల నిర్మాణము అనుకూలమైనది. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. పొలముల నుండి కొట్టుకొనిపోయిన సన్నని మట్టి, సేంద్రియ పదార్థము ఈ చెరువుల అడుగున చేరుతాయి. దానిని తిరిగి చల్క పొలములలో వేసినచో నీటిని, పోషకములను నిలుపుకొనే శక్తి పెరుగుతుంది, చెరువు లోతు కూడ పెరుగుతుంది. తెలంగాణ ప్రభుత్వము 2015లో ప్రారంభించిన మిషన్ కాకతీయ పథకము 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యముగా పెట్టుకొన్నది. పూడిక మట్టిని రైతులు తమ పొలములకు తరలించుకొనుట అందులో ఒక భాగము. అయితే చౌడు గల చెరువు మట్టి పొలమునకు హాని చేయును కనుక ముందుగా పరీక్ష చేయించుట అవసరము.

ఇవి కూడా చూడండి

* మృత్తిక
* నల్లరేగడి నేల
* ఎర్ర నేల
* చౌడు నేల
* ఇక్రిశాట్
* మిషన్ కాకతీయ
* యల్లాప్రగడ సుబ్బారావు